దుప్పటోడి ఆఖరి పేజీ

అక్కా,

ఎలా ఉన్నావని అడిగితే నవ్వుతావు. అందుకే అడగను. నువ్వు పోయి రెండేళ్ల నాలుగు నెలలైంది. ఇన్నాళ్లకి నీకు ఉత్తరం రాస్తున్నాను.

సోమవారం నీ కేసు కోర్టుకొస్తోంది. నిన్ను పొడిచినవాడు బెయిలు మీద బయటే ఉన్నాడు. పూర్ణా మార్కెట్లో మళ్లీ కాలరెగరేసుకుని తిరుగుతున్నాడు. పట్టపగలు పది గంటలప్పుడు, అంత జనం మధ్య నిన్ను చంపితే... చూసినవాళ్లు ఒక్కరూ లేరట. ఒకడు కొట్టు లోపలున్నాడట, ఒకడు అటు తిరిగి తూకం వేస్తున్నాడట. నేనూ తక్కువ తినలేదు. ఆ సమయానికి టీకి వెళ్లానని పోలీసులకి రాయించాను. అమ్మకీ అదే చెప్పాను.

అబద్ధమని నీకు తెలుసు కదా అక్కా?

దాని సంగతికొస్తాను. అంతకంటే ముందు ఒక దొంగతనం ఒప్పుకోవాలి. అది పదహారేళ్ల నాటిది. మన దుప్పటోడి సంగతి.

గుర్తుందా... నీకు పదమూడు, నాకు పది. వన్ టౌన్ సందులో ఒంటిగది ఇల్లు. నాన్న పోర్టులో బస్తాలు మోసే కళాసీ. అమ్మ సత్యంగారి కొట్టు నుంచి జీలకర్ర తెమ్మంది. పొట్లం విప్పావు. లోపల రంగుల బొమ్మ. ముఖానికి గుడ్డ కట్టుకుని, మెడకి పసుపు దుప్పటి ముడేసుకున్న ఒకడు ఇంకొకడి దవడ మీద గుద్దుతున్నాడు. ఆ దెబ్బకి అవతలివాడి పన్ను ఊడి గాల్లో ఎగురుతోంది. నువ్వు ఆ పన్ను వంక చూస్తూ నిలబడిపోయావు. పొయ్యి మీద పోపు మాడి నల్లబొగ్గైంది. అమ్మ తెడ్డు తీసుకుని నీ వీపు మీద వేసింది. నువ్వు కదల్లేదు.

పక్కనున్న ఇంగ్లీషు ముక్కలు మనిద్దరికీ రావు. వాడి పేరేమిటో ఈరోజుకీ నాకు తెలీదు. దుప్పటోడని నువ్వే పెట్టావు.

ఓడల్లోంచి దిగే చిత్తు కాగితాలు కట్టలు కట్టలుగా మార్కెట్ కొట్లకి వచ్చేవి. సత్యంగారు చేతికందిన పేజీ చింపి పొట్లం కట్టేవారు. మనకి కావలసింది మెంతులు కాదు, మెంతుల చుట్టూ ఉన్న కాగితం. ఇంట్లో ఎవరికీ అక్కర్లేని ధనియాలు, వాము, సోంపు... అన్నీ గుప్పెడు గుప్పెడు కొన్నావు. అమ్మ ఆరు వాము పొట్లాలు ఒకేసారి చూసిన రోజున ఇద్దరి వీపుల మీదా చీపురు విరిగింది.

మిగతా పేజీలు వేరేవాళ్ల పొట్లాలతో ఊరి మీద పడ్డాయి కదా. అప్పుడు మొదలైంది నీ దండయాత్ర. దర్జీ కొడుకు ఇవ్వనంటే వాడి బొటనవేలు కొరికేశావు. ఎముక తగిలేదాకా వదల్లేదని వాడు ఇప్పటికీ వేలు చూపిస్తాడు. వీధి కుళాయి దగ్గర నలుగురు పిల్లలు చుట్టుముడితే బిందె తిప్పి కొట్టావు. ఒకడి నుదురు చిట్లి కళ్లలోకి రక్తం దిగింది. నేను ఏడుస్తూ ఇంటికి పోదామన్నాను. నువ్వు నా చెవి మెలేసి అన్నావు...

"ఎనక్కి సూడకురా. ఒక్కడే దెబ్బలాడీవోడికి ఎనకాల ఏటుంటాది?"

అది నీకు దుప్పటోడు నేర్పిన చదువు. ప్రతి బొమ్మలోనూ వాడు ఒక్కడే. బెల్లం కట్టిన పేజీని చీమలు కొరికేశాయి. అందులో వాడికి తల లేదు. తల లేకుండానే ముగ్గుర్ని కొడుతున్నాడు. మనకదే బాగా నచ్చింది.

కాగితానికి ఒకవైపే బొమ్మలు, కింద అంకెలున్నాయి కాబట్టి వరస తెలిసింది. మూడు నెలల్లో ముప్ఫయ్యొకటి దొరికాయి. నాన్న బస్తాలు కుట్టే దబ్బనంతో, గోనె పురికొసతో కుట్టావు. ముప్ఫయ్యొకటో పేజీలో అచ్చం మన పోర్టే. క్రేన్లు, ఓడ, తడిసిన రేవు గట్టు. దుప్పటోడు మోకాళ్ల మీద పడి ఉన్నాడు. దుప్పటి చిరిగింది. నోట్లోంచి రక్తం. చుట్టూ ఇనుప కడ్డీలతో పదిమంది. అంతే... తర్వాత పేజీ లేదు.

లేకపోతే నీకేం? కథ నువ్వే ముగించేశావు.

"ఏటవుద్ది? లేత్తాడు. పదిమందినీ ఒక్కడే సావగొట్టీసి, దుప్పటి దులుపుకుని ఎల్లిపోతాడు. ఇందల ఇంకేటుంటాదిరా?"

ఎన్నిసార్లు చెప్పావో ఆ ముగింపు. ప్రతిసారీ ఒక పన్ను ఎక్కువ ఊడేది.

అక్కా... ముప్ఫయ్యిరెండో పేజీ నాకు దొరికింది.

ఎండుమిరపకాయల పొట్లంలో వచ్చింది. ఆ ఉదయమే నన్ను కొట్టావు. దుప్పటోడికి పెన్సిలుతో మీసం గీశానని నా మూతి గుమ్మానికేసి బాదావు. కింది పెదవి చీలింది. ఆ మచ్చ మీసం పెంచినా దాగడం లేదు. నా నోట్లో రక్తం ఉప్పగా ఉండగానే ఆ పేజీ నా చేతిలోకొచ్చింది. నీకివ్వకూడదనుకున్నాను. పలక చట్రం వెనక దోపాను. బతిమాలితే ఇద్దామనుకున్నాను. ఉందని తెలియని దానికి నువ్వెలా బతిమాలతావు? వారం గడిచింది. తర్వాత చూపిస్తే చంపేస్తావని భయం. ఇంకా తర్వాత సిగ్గు. అలా నువ్వు పోయేదాకా పద్నాలుగేళ్లు...

అందులో ఏముందో తెలుసా? దుప్పటోడు లేవలేదు.

ఎంత ప్రయత్నించినా లేవలేకపోయాడు. ఓడ మీద నుంచి కళాసీలు దిగారు. బస్తాలు లాగే కొక్కేలు పట్టుకుని, చొక్కాల్లేకుండా, అచ్చం నాన్నలాంటివాళ్లు. చేపల గంప పట్టుకుని ఒక లావుపాటావిడ వచ్చింది. ఒక ముసలాయన చేతికర్రతో వచ్చాడు. ఆ పదిమందీ కడ్డీలు పారేసి పరుగు. చివరి బొమ్మలో దుప్పటోణ్ణి ఇద్దరు కళాసీలు చంకల్లో చేతులేసి నిలబెట్టారు. వాడు నవ్వుతున్నాడు.

నాకు పదేళ్లు. ఆ బొమ్మ చూసి నవ్వొచ్చింది. నీ దుప్పటోడు ఉత్త చవటని తెలిసిందనుకున్నాను. ఆ సంతోషం ఒక్కణ్ణే అనుభవించాను.

నువ్వు మాత్రం దుప్పటోడిలాగే బతికావు. నాన్న పోయాక సత్యంగారి కొట్లో పొట్లాలు కట్టడానికి చేరావు. తర్వాత అదే వరసలో పోపు దినుసులకి నీదంటూ చిన్న కొట్టు. చిత్తు కాగితాల కట్టలో బొమ్మల పుస్తకం కనబడితే చింపేదానివి కాదు, రేకు పెట్టెలో పడేసేదానివి. పెట్టె నిండిపోయింది. మధ్యలో పెళ్లి. ఏడాది తిరక్కుండా మొగుడి చెయ్యి విరగ్గొట్టి వచ్చేశావు. అమ్మ శోకాలు పెడితే నీ జవాబు ఒకటే.

"ఏ సెయ్యి ఎత్తినాడో ఆ సెయ్యే ఇరగ్గొట్టినాను. రెండోది అలాగే ఉంది కదా!"

నువ్వు నన్నెప్పుడైనా సాయానికి పిలిచావా? ఒక్కసారైనా? నేను స్టీలు ప్లాంటు పనుల్లో వెల్డర్‌నయ్యాను. దువ్వాడ దగ్గర గది తీసుకున్నాను. చేతులు ఇనుమైపోయాయి. అయినా నీ కంటికి నేను పెదవి చీలిన పదేళ్లవాణ్ణే.

ఇప్పుడు ఆరోజు.

నాకు వారం సెలవు. నీ కొట్లో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తున్నాను. బయట సన్యాసి తాత, నాన్నతో పాటు బస్తాలు మోసిన కళాసీ, పసుపు బస్తా దించుతుంటే కుట్టు ఊడింది. అటుగా వచ్చిన ఆ రౌడీ, ఇప్పుడు బెయిలు మీదున్నవాడే, వాడి తెల్ల చొక్కా మీద పసుపు పడింది. అంతే. సైకిలు చైను తీసి తాతని కొట్టడం మొదలెట్టాడు. వాడితో ముగ్గురు. మొదటి దెబ్బకి తాత చెవి తెగి వేలాడింది. రెండో దెబ్బకి కింద పడ్డాడు. పసుపూ రక్తమూ కలిసి నేలంతా పారాణి రంగు. తాత మోకాళ్ల మీద లేవబోతుంటే ముఖం మీద తన్నారు. షట్టర్లు ధడధడా పడ్డాయి. ఆ వరసంతా ఒక్క నిమిషంలో మూతపడింది. మనది కూడా. అది దించింది నేనే అక్కా.

నువ్వు అప్పటికే బయటున్నావు. చేతిలో షట్టరు లాగే ఇనుప కొక్కెం.

జానెడు సందు వదిలాను. నేల మీద పడుకుని అందులోంచి అంతా చూశాను. మొదటివాడి మోకాలు మీద కొట్టావు. చెరుకుగడ విరిగిన చప్పుడైంది. రెండోవాడి దవడ మీద. వాడు నోరు పట్టుకుని కూలబడ్డాడు. వేళ్ల మధ్య నుంచి రక్తం, తెల్లగా ఏదో కింద పడింది. పన్నే. మూడోవాడు పారిపోయాడు. సన్యాసి తాతని నీ కాళ్ల వెనక్కి లాక్కున్నావు. నీ వీపు మన షట్టరుకి ఆనింది. తెల్ల చొక్కావాడు చైను పారేసి కత్తి తీశాడు.

అప్పుడు నువ్వు వెనక్కి చూశావు.

వంగి, ఆ జానెడు సందులోకి చూశావు. నా కళ్లలోకి. ఒక్క క్షణం. పిలవలేదు. తిట్టలేదు. నేనేం చేశాను? ఇరవై నాలుగేళ్లవాణ్ణి, పక్కనే పచ్చడి దంచే రోకలి ఉంది... ఆ సందు కూడా మూసేశాను.

తర్వాత చప్పుళ్లే. కొక్కెం నేల మీద పడిన చప్పుడు. షట్టరుకి నీ ఒళ్లు మూడుసార్లు తగిలిన చప్పుడు. అడుగు నుంచి రక్తం లోపలికి వచ్చింది. తొడిమలు తీసిన మిరపకాయల కిందకి పాకింది. నేను కాళ్లు పైకి తీసుకున్నాను. అవును అక్కా, కాళ్లు పైకి తీసుకున్నాను. నన్ను చెప్పుతో కొట్టినా పాపం లేదు.

ఎందుకు చూశావక్కా? నేనొస్తాననా? లోపలే ఉండమని చెప్పడానికా? ఆ ఆఖరి పేజీ చూసి ఉంటే... పిల్లప్పుడే చూసి ఉంటే... "తమ్ముడూ, రారా" అని ఒక్క కేక వేసేదానివేమో. నువ్వు కేకేస్తే నేను లేచేవాణ్ణా? రెండేళ్లుగా అడుగుతున్నాను.

పోయిన వారం రేకు పెట్టె తెరిచాను. ముప్ఫయ్యొకటి పేజీల పుస్తకం పైనే ఉంది. దబ్బనం దొరకలేదు, వెల్డింగు తీగ వంచి గుచ్చాను. మిరపకాయల మరకతో సహా ముప్ఫయ్యిరెండోది కుట్టాను. ఇన్నాళ్లకి పుస్తకం పూర్తయింది.

దాన్ని పట్టుకుని మార్కెట్‌కి వెళ్లాను. ముందు సన్యాసి తాత దగ్గరికి. ఆయనకి ఒక చెవి లేదు, దవడ వంకరైపోయింది. సాక్ష్యానికి రమ్మంటే ఇన్నాళ్లూ భయపడి దాక్కుంటున్నాడు. బొమ్మలు ఒక్కొక్కటీ చూపించాను. చివరి బొమ్మలో చేతికర్ర ముసలాయన మీద వేలు పెట్టి, ఇంకో చేత్తో తెగిన చెవి తడుముకున్నాడు. తర్వాత సత్యంగారు. ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు, వయసైపోయిందన్నారు, చూద్దామన్నారు. చేపలమ్మే ఎర్రయ్యమ్మ పుస్తకం లాక్కుని గంప పట్టుకున్న ఆవిణ్ణి చూసి పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. వరసలో మిగిలినవాళ్లు బొమ్మల పుస్తకంతో తిరుగుతున్న నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశారు.

ఆ కబురు తెల్ల చొక్కావాడికీ అందింది. మొన్న దువ్వాడ స్టేషను బయట ఇద్దరు ఆపారు. కడుపులో గుద్దారు. కింద పడ్డాక పక్కటెముకల మీద తన్నారు. సోమవారం ఊళ్లో కనబడితే అక్క పక్కనే పడుకోబెడతామన్నారు. రాస్తుంటే ఎడమ పక్క ఇంకా పొడుస్తోంది. భయంగా ఉంది అక్కా. అబద్ధం ఎందుకు, తలుపు గడియ ఇప్పటికే రెండుసార్లు చూసొచ్చాను.

నిన్న అమ్మకి చెప్పేశాను. నేను షట్టరు వెనకే ఉన్నానని. అమ్మ చెయ్యెత్తింది, కొట్టలేదు. దించేసి, అన్నం పెట్టింది. ఆ తెడ్డుతో కొట్టి ఉంటే బాగుండేది.

సోమవారం పొద్దున్నే మన కొట్టు ముందు నుంచి నడిచి కోర్టుకి వెళతాను. పుస్తకం చొక్కాలో పెట్టుకుంటాను. వాడి పేరు ఇక్కడ రాయను. జడ్జిగారి ముందు, వాడు వింటుండగా, నోటితో చెబుతాను. నేను ఎక్కడున్నానో, ఏం మూశానో అది కూడా చెబుతాను.

పేజీ దాచినందుకు నువ్వేమంటావో నాకు వినబడుతూనే ఉంది. "దాసీసినావేట్రా దొంగెదవా!" అని చెవి మెలేస్తావు. మెలెయ్యి. ఆ బాకీ అలాగే ఉంచు.

నువ్వు చెప్పినవన్నీ పాటిస్తాను. ఒక్కటి తప్ప. మార్కెట్ మలుపు దగ్గర నేను ఆగుతాను అక్కా. ఆగి, ఒకసారి వెనక్కి చూస్తాను. ఎవరైనా వస్తున్నారేమోనని.

ఎవరూ లేకపోయినా వెళతాను.

నీ తమ్ముడు,
అప్పన్న