ఓనరు ఒట్టికాళ్లతో వచ్చిన రోజు

శుక్రవారం రాత్రి, ఇస్నాపూర్

ఈ పూట ఫ్రిజ్ తలుపు చెప్పుల్లేకుండా తీశాను. ఏమీ కాలేదు. ఊరికే ఇంకోసారి తీసి వేశాను.

ఈ కిరాయి గదిలో దిగినప్పటి నుంచి ఫ్రిజ్ ముట్టుకుంటే షాకే. ఓనరు యాదయ్యన్నకు చెప్పినప్పుడల్లా డ్యూటీ దిగి మందపాటి రబ్బరు అడుగున్న కంపెనీ సేఫ్టీ బూట్లతోనే లోపలికొచ్చి, ఫ్రిజ్ మీద చెయ్యి పెట్టి, "నాకేం కొడ్తలేదు గదమ్మా, ఉత్తగ పరేషాన్ గాకు" అని వెళ్లిపోయేవాడు. బూట్లు విప్పి చూడమంటే నవ్వేవాడు.

మొన్న ఆయన అయ్యప్ప మాల వేసుకున్నాడు. బూట్లూ చెప్పులూ బంద్. ఇవాళ పొద్దున పడిపూజకు పిలవడానికి ఒట్టికాళ్లతో వచ్చాడు. నేను మళ్లీ ఫ్రిజ్ సంగతి ఎత్తాను.

"మల్ల అదే ముచ్చటనా, మాతా?" అంటూ ధీమాగా చెయ్యి పెట్టాడు. "స్వామి శరణం!" అని ఎగిరి గోడకు తగిలాడు. నాకు భయమూ, నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"ఇన్ని దినాలు గిట్లనే కొట్టిందా?" అని మెల్లగా అడిగాడు.

"బిడ్డను చెప్పులేసుకుంటెనే ముట్టనిస్తున్న, స్వామీ" అన్నాను.

మధ్యాహ్నానికే ఎలక్ట్రీషియన్‌ను పంపాడు. గదికి అసలు ఎర్తింగ్ తీగే లేదట. సాయంత్రానికి వేసి వెళ్లాడు. మా పాప మాత్రం ఇంకా చెప్పులేసుకునే ఫ్రిజ్‌లోంచి పాలు తీస్తోంది...

పై గదుల్లో ఒడిశావాళ్లు ఈ చలికి బకెట్లో హీటర్ రాడ్ పెట్టి నీళ్లు కాచుకుంటున్నారు. అక్కడా ఆ ఎర్తింగ్ తీగ ఉండి ఉండదు. యాదయ్యన్న మాల తీసి బూట్లు తొడిగేలోపే ఆయన్ను పైకి తీసుకెళ్లాలి.