దుప్పటి రెండో కొస

అక్కా,

పదకొండేళ్లు ఆసుపత్రి లాండ్రీలో నువ్వో కొస, నేనో కొస పట్టుకుని దుప్పట్లు మడతపెట్టాం. ఈమధ్య నీ వైపు మడతలు వంకరపోతుంటే నాకూ కలిపి చీవాట్లు పడేవి. "ఏమైందక్కా?" అని నిన్నొక్క మాట అడగాల్సింది. ఎదురుపడి గొడవెందుకని సూపర్‌వైజరుకు కాగితం రాసిచ్చాను. ఆయన నిన్ను పని మాన్పించేశారు.

నీ కుడిచేతికి పట్టు తప్పుతోందని నిన్న మీ అమ్మాయి చెప్పింది. "మీరే కనిపెట్టి అడుగుతారని అమ్మ ఎదురుచూసింది పిన్నీ" అంది.

ఇప్పుడు నీ కొస గోడమేకుకు తగిలించి మడతపెడుతున్నాను. ఇదివరకు ఇద్దరం చెరో రెండడుగులు ఎదురు నడిచి కొసలు కలిపేవాళ్లం. ఆ నాలుగూ నేనే వేస్తున్నాను. మీ ఇంటివైపు మాత్రం అడుగు పడటం లేదక్కా.

చూడు, మళ్లీ కాగితమే రాస్తున్నాను.