మొండి బోల్టు

ఆదివారం రాత్రి, వాకాడు

కారుకు కొత్త సైలెన్సర్ నేనే బిగించాను! పాతదాని చివరి బోల్టు తుప్పుపట్టి మధ్యాహ్నం దాకా కదల్లేదు. "నీ వల్ల కాదులే, కోయించాల్సిందే" అని మా ఆయన భోంచేసి పడుకున్నాడు. పడవ ఇంజన్లు బాగుచేసే మామయ్య మాత్రం, "బలం చూపించబాకమ్మా, ఇరిగిపోద్ది. బాగా కాల్చి మైనం తాపు" అన్నారు.

బోల్టును గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి కొవ్వొత్తి ఆనించాను. మైనం కరిగి మరల్లోకి దిగింది. స్పానర్ వేసి నొక్కగానే బోల్టు కిర్రుమని తిరిగింది! నా కేకకు ఆయన ఉలిక్కిపడి లేచాడు.

"ఇంత తుప్పు ఊరికే పట్టలేదమ్మా. చేపల కోసం కారుని అలల దాకా దించతావుండావు" అన్నారు మామయ్య. నిజమే, తప్పు నాదే. అడుగున ఆ ఉప్పునీరు ఇంకేమేం తినేసిందో…

ఇకమీదట కారు గట్టునే ఆపుతాను. చేపల పెట్టె మా ఆయన మోస్తాడు. బోల్టు మాత్రం ఆయన దిండు పక్కనే పెట్టాను.