గెడ్డ బురద కుప్ప, మా మంచినీళ్ల బావి

పూడికతీత పనుల అధికారి గారి సముఖమునకు,
విశాఖపట్నం.

అయ్యా,

విషయం: గెడ్డలోంచి తవ్విన నల్ల బురదను మా బావి పక్క నుంచి తొలగించుట గురించి.

గంగమ్మపేటలో సముద్రం మీద బతికే దాలయ్య అను నేను మనవి చేసుకొనునది:

1. నిరుడు హేమశ్రీ అనే యూనివర్సిటీ అమ్మాయి మా పేట పక్కన మురుగు పారే గెడ్డలో గొట్టం దించి బురద తీసింది. "ఏటమ్మా, ఈ కుళ్లులో ఏటుంది?" అని అడిగాను. "యురేనియం ఉంది తాతా. రాళ్లలోంచి నీళ్లలో కరిగి వస్తుంది. కుళ్లిన ఆకూ అలమూ ఉన్న, గాలి ఆడని బురద దాన్ని పట్టి ఉంచుతుంది. కదపకపోతే అక్కడే ఉంటుంది. తవ్వి ఆరబెడితే గాలి తగిలి మళ్లీ నీళ్లలోకి దిగుతుంది" అంది. అదే సంగతి ఆమె కాగితం మీద రాసివ్వగా తమ కార్యాలయంలో అందజేసి, ముద్ర వేయించుకొనియున్నాను.

2. అయినప్పటికీ తమరు వైశాఖంలో పొక్లెయిన్ పంపి, బురదంతా తవ్వించి, బావికి పది అడుగుల దూరాన కుప్ప పోయించితిరి. ఎండకు అది బీటలు వారింది. తొలి వానకు ఆ నీరు బావిలోకి దిగింది. హేమశ్రీ పరీక్ష చేయించి, "ఈ నీళ్లు ముట్టుకోవద్దు తాతా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పటికి పది రోజులుగా మేమవే తాగుతున్నాం. మా కోడలు సూర్యకళకు ఏడో నెల.

3. ఆ రిపోర్టుతో నేనూ, నా భార్య చిలకమ్మా తమ దగ్గరకు వచ్చాం. తమరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని, "యురేనియమా? అయితే అమ్ముకోండి" అని నవ్వితిరి. "మీ ఇంటికో బిందె పంపుతాం, తాగండి బాబూ, సూద్దాం" అంది చిలకమ్మ. బంట్రోతు చేత మమ్మల్ని బయటకు నెట్టించితిరి. గెడ్డ కంపులో పుట్టి పెరిగినవాణ్ణి, నాకెన్నడూ డోకు రాలేదు. ఆ రోజు తమ మెట్ల మీద వచ్చింది.

4. మర్నాడు పేట జనమంతా కలిసి బావికి చెక్కలు పరిచి మేకులు కొట్టేశాం. సూర్యకళను పెందుర్తిలో పుట్టింటికి పంపాం. ఆడవాళ్లు కిలోమీటరున్నర నడిచి నీళ్లు మోస్తున్నారు.

కావున కుప్పను వెంటనే కప్పించి, దూరంగా తరలించి, అందాకా నీళ్ల ట్యాంకరు పంపించవలెను. దయ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. చిత్తగిస్తే చిత్తగించండి.

ఇన్నాళ్లూ తమ విధేయుడు,
దాలయ్య

తా.క.: అర్జీ మడతెడతంటే తమ ఆఫీసు మనిషి తనిఖీకని వచ్చినాడు బాబూ. ఉక్కకి నోరెండిపోయి మంచినీళ్లడిగినాడు. చిలకమ్మ గలాసు ఇత్తే, "ఈ బావివి కాదు గదా?" అని మూడుమాట్లు అడిగినాడు. కాదంటేనే తాగినాడు. మూతి తుడుసుకుని, కాయితం మీద 'బావి నీరు తాగుటకు యోగ్యము' అని రాసుకుని ఎల్లిపోనాడు.