సంగప్ప హాజరు

నాగరాజ్ అన్నకు,

నీ చెల్లెలు శరణమ్మ రాస్తున్న ఉత్తరం. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి కాగితం పట్టాను. కోపంగానే రాస్తున్నాను, చదువుకో.

మన ఎర్రరాయి క్వారీని సర్కారు తీసుకుంది. "గని జనానిది" అని నువ్వు మైకులో అరిచినప్పుడు మొగుడంపల్లి నుంచి జహీరాబాద్ దాకా జెండా మోసినదాన్ని, నాకూ సంతోషమే. కానీ సర్కారు పెట్టిన కొత్త కంపెనీవాళ్ళు పాత హాజరు పుస్తకంలో పేరున్నవాళ్ళనే తీసుకుంటారట. నా పేరెక్కడుంది? మన దగ్గర ఆలుమగలు జతగా పనిచేస్తారు. మొగుడు రాయి కోస్తే పెళ్ళాం మోస్తుంది. పుస్తకంలో మాత్రం మొగుడి పేరొక్కటే. పద్దెనిమిదేళ్ళు ఆ పేరు వెనకే ఉన్నాను.

మా ఆయన సంగప్ప ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని దవాఖానలో పోయాడు. మట్టి చేసి వచ్చిన మూడో రోజు నువ్వేమన్నావో గుర్తుందా? "సచ్చిండని చెప్తె జత తెగిందని నిన్ను తీసేస్తరు చెల్లె. సంగప్ప పేరు మీద నువ్వే సంతకం పెట్టు. మేస్త్రికి నేను చెప్త, ఫికర్ జెయ్యకు." పెట్టాను. రెండేళ్ళు రాయి కోసిందీ నేనే, మోసిందీ నేనే. పుస్తకంలో రోజూ హాజరైంది చచ్చినవాడు. ఇప్పుడు కార్మికుల కమిటీకి నువ్వే పెద్దవాడివి. ఆ పని చేసింది శరణమ్మ అని ఒక్క కాగితం రాసివ్వు. నాకు వేరే బతుకు లేదు.

నీ చెల్లెలు,
శరణమ్మ


చెల్లె శరణమ్మకు ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి కాల్చేశాను. ఇలాంటివి మళ్ళీ రాయకు. పాత యజమాని కోర్టుకు వెళ్ళాడు. పుస్తకంలో చచ్చినవాడున్నాడని తెలిస్తే పుస్తకమంతా దొంగదంటాడు. సర్కారు వెనక్కి తగ్గుతుంది, రెండు వందల మంది వీధిన పడతారు. నీ ఒక్కదాని కోసం ఉద్యమాన్ని ముంచమంటావా? త్యాగం చేసినవాళ్ళను జనం మరచిపోరు.

ఇంకో సంగతి. వేరేవాళ్ళ నోట వినేకన్నా నేనే చెప్పడం మంచిది. కొత్త కంపెనీ గుర్తింపు కార్డులకు ఫోటోలు తీసే రోజు సంగప్ప అనే మనిషి కనబడాలి కదా. మా అల్లుడు ప్రకాశాన్ని నిలబెట్టాను. పుస్తకంలో వయసు రాసి లేదు, ఎవరూ అడగలేదు. పేరు మన ఇంట్లోనే ఉందనుకో. నువ్వు ఆకలితో ఉండాల్సిన పని లేదు. వచ్చి మీ వదినకు ఇంటిపనిలో సాయంగా ఉండు.

నీ అన్న,
నాగరాజ్


అన్నా,

మీ ఇంట్లో అంట్లు తోమడానికి ఎప్పుడొస్తానా అని చూస్తున్నావేమో. నాకు వేరే పని పడింది.

సోమవారం పుస్తెలు మళ్ళీ మెళ్ళో వేసుకుని, సద్ది కట్టుకుని క్వారీ గేటు దగ్గర కూర్చున్నాను. కొత్త ఆఫీసరమ్మ ఎవరని అడిగింది. "సంగప్ప పెండ్లాన్ని మేడం. రెండేండ్ల సంది ఇంటికొస్తలేడు. జర పిలువున్రి" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. పిలిచారు. ప్రకాశం వచ్చాడు. వరసకు నాకు కొడుకు. అందరూ పని ఆపి చూస్తుండగా వాడి చెయ్యి పట్టుకున్నాను. "ఇంటికి పోదాం పా. సద్ది తెచ్చిన, తిను" అన్నాను. వాడు విదిలించుకోబోయాడు, నేను వదల్లేదు.

"ఈమె నీ భార్యేనా?" అని ఆఫీసరమ్మ అడిగింది. వాడు నీ వైపు చూశాడు. నువ్వు కమిటీ గది గుమ్మంలోనే ఉన్నావు. ఊరూరా మైకులో అరిచినవాడివి, గది లోపలికి తప్పుకున్నావు. చివరికి ప్రకాశమే ఏడుస్తూ అరిచాడు. "సంగప్ప సచ్చిండు! నన్ను ఇడిసిపెట్టు చిన్నమ్మా!"

వాడిని అప్పుడే గేటు బయటికి పంపారు. కమిటీలోంచి నిన్నూ తీసేశారని నిన్న తెలిసింది. కోర్టు క్వారీని మళ్ళీ యజమానికే ఇస్తే ఇవ్వనీ. నువ్వు చెప్పిన రెండు వందల మందిలో మా ఆడవాళ్ళు ఒక్కరూ లేరు. నాకూ ఉద్యోగం రాలేదు, రాదని తెలిసే వెళ్ళాను.

పుస్తకంలో ఆయన పేరు మీద ఎర్ర గీత కొడుతుంటే దగ్గరుండి చూశాను. మూడో రోజే పనికి పంపావు కదా, ఏడవడానికి తీరలేదు. ఆ గేటు దగ్గరే కూర్చుని ఏడ్చాను. రెండేళ్ళు మొగుడి పేరే రాసిన చెయ్యి ఇది. కింద ఉన్నది నా సంతకం.

శరణమ్మ