ఇనుము తాకని రాళ్ళు

అంకారా, 1977 మార్చి 4

ప్రియమైన నాన్నకు,

మీ చేతిని ముద్దాడి నుదుటికి ఆనించుకుంటున్నాను. అమ్మ చేతిని కూడా, పిండి అంటుకుని ఉన్నా సరే.

ఇక్కడ ఇంకా మంచు కురుస్తోంది. హాస్టల్లో గదికి ఆరుగురం, అందరి మేజోళ్ళూ ఒకే హీటరు మీద ఆరతాయి. ఇవాళ అవేవీ నాకు పట్టడం లేదు. నిరుడు వేసవిలో మన పక్క ఊరు సారియోజ్ దిబ్బ మీద మేం తవ్వితే నలభై మూడు చెకుముకి పలుకులు దొరికాయని చెప్పాను కదా. వాటి అంచుల మీద ఒక నిగారింపు ఉంది. ఏళ్ల తరబడి గడ్డిదుబ్బుల్ని కోస్తేనే వచ్చే మెరుపు అది. మా గురువు రెఫికా హోజా అవి ఎనిమిది వేల ఏళ్ల నాటి కొడవలి పళ్ళంటారు. అంటే వేట వెంట తిరిగిన మనుషులు మన వైపు మొదటిసారి ఒకచోట కూర్చుని, గింజ పండేదాకా ఆగింది అక్కడేనన్నమాట. నా సిద్ధాంత వ్యాసమంతా ఆ పలుకుల మీదే నిలబడింది. అది నెగ్గితే సెప్టెంబరు నుంచి నేను మా శాఖలో అసిస్టెంటుని.

ఒక్కటే భయం. బయటి నుంచి వచ్చే పరీక్షకుడు తప్పకుండా అడుగుతాడు: "ఇవి మొన్నమొన్నటి నూర్పుడు చెక్కలవి కావని ఏమిటి నమ్మకం?" కళ్ళంలో పనల మీద ఎడ్లు లాగే ఆ చెక్కల అడుగున బిగించే పలుకులు కూడా ఇలాగే మెరుస్తాయి కదా. మా జవాబు ఇది: వాటిని కొట్టే మీరంతా వాడేది ఇనుప సుత్తి. వీటి మీద ఇనుప దెబ్బ లేదు. ఫొటోలూ, అసలు కొలతకు గీసిన బొమ్మలూ పంపుతున్నాను. మీరు నలభై ఏళ్లుగా రాయి కొడుతూ ఆరితేరిన ఉస్తా. రెండు ముక్కలు రాసి సంతకం పెట్టండి, వ్యాసానికి జత చేస్తాను. రాళ్ళకు కూడా సర్టిఫికెట్లా అని నవ్వకండి.

మీ నెర్గిస్


కరాదెరె, ఏప్రిల్ 2

నా కంటిపాప నెర్గిస్‌కు,

నీ రెండు కళ్ళనూ ముద్దాడుతున్నాను. ఎద్దు కుంటింది, అందుకే జవాబు ఆలస్యమైంది. ఈ ఏడు నూర్పుడు చెక్క ఒక్కటంటే ఒక్కటే అడిగారు. మైదానపు ఊళ్ళలో అందరికీ మిషన్లు వచ్చేశాయి. నేను ఖాళీగా కూర్చుంటే మీ అమ్మకు పని పెరుగుతోందట.

తనకు ఫొటోలు చూపించాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. "మేకలు అరుస్తున్నాయి" అని బయటికి వెళ్ళిపోయింది. మేకలు అరవలేదు.

నీకు కావాల్సిన మాట: ఈ పలుకుల మీద ఇనుము పడలేదు. నా సుత్తి వీటిని కొట్టలేదు. అల్లా సాక్షిగా ఇది నిజం.

నీ తండ్రి, హాలిత్ ఉస్తా


అంకారా, మే 9

ప్రియమైన నాన్నకు,

మీ వాక్యాలు చూసి రెఫికా హోజా వాటికి పటం కట్టించాలన్నారు. జూన్ పదిహేనున మౌఖిక పరీక్ష. ఇంక నేను గాల్లో తేలాలి. తేలడం లేదు.

మా తరగతి గోడ మీద ఒక బొమ్మ ఉంది. గడ్డం మనిషి రాయి కొడుతుంటే వెనక ఒకావిడ పిల్లను ఎత్తుకుని చూస్తూ ఉంటుంది. నాలుగేళ్లుగా చూస్తున్నాను, ఆవిడ చేతికి ఏదైనా పని ఇవ్వాలని గీసినవాడికి తోచలేదు. రోజూ ఇలాంటివి చూసి చూసి, ఉన్నదాని కంటే లేనిదే నాకు ముందు కనిపిస్తోంది. మీరు "ఇవి పాతవి" అని రాయలేదు నాన్నా. "నా సుత్తి కొట్టలేదు" అని రాశారు. పావుగంట కబురును కాఫీ కొట్టులో రెండు గంటలు చెప్పే మనిషి, మూడు వాక్యాలతో ఆగిపోయారు. బస్సు డ్రైవరుతో అమ్మ పంపిన తర్హానా చారు పొడి అందింది, దాంతోపాటు వచ్చే తిట్లు మాత్రం రాలేదు.

ఈ రాళ్ళు మీకు తెలుసా? తెలిస్తే చెప్పండి. నెగ్గిన తర్వాత తెలియడం కంటే ముందే తెలియడం నయం.

మీ నెర్గిస్


కరాదెరె, మే 24

నా నెర్గిస్‌కు,

తెలుసు తల్లీ. వాటిని కొట్టింది మీ అమ్మ.

నువ్వు పుట్టకముందు శీతాకాలం. మంచులో జారిపడి నా కుడి మణికట్టు విరిగింది. సారియోజ్ వాళ్ళకు అప్పటికే మాట ఇచ్చేశాను. "రాయి ఇటు తే" అంది మీ అమ్మ. ఆడది తాకితే చెకుముకి చెడిపోతుందని ఊళ్ళో నమ్మకం. పైగా ఇనుప సుత్తి మోగితే మూడిళ్ళ అవతలికి వినిపిస్తుంది, నా చెయ్యేమో కట్టులో ఉంది. అందుకని సుత్తికి బదులు దుప్పికొమ్ము మొదలు ముక్క తీసుకుంది. పశువుల కొట్టంలో, మోకాలి మీద గొర్రెతోలు వేసుకుని, పగటిపూట నేను కాఫీ కొట్టులో కూర్చున్నప్పుడు కొట్టింది. బయటికి చప్పుడే రాలేదు. సారియోజ్ వాళ్ళ కళ్ళం అప్పట్లో ఆ దిబ్బ మీదే ఉండేది. చెక్కల నుంచి ఊడినవి అక్కడే మట్టిలో కలిసిపోయి ఉంటాయి.

"ఉస్తా, ఈ ఏడు నీ దెబ్బ మెత్తబడింది, పలుకు మాత్రం ఎప్పటికన్నా బాగా కోస్తోంది" అన్నారు వాళ్ళు, కట్టు విప్పాక నేను సరుకు పట్టుకెళ్ళి ఇస్తే. నేను మీసం దువ్వుకున్నాను. ఇరవై మూడేళ్లుగా దువ్వుకుంటూనే ఉన్నాను.

పలుకు మొదలు దగ్గర మూడు చిన్న దెబ్బలు వేసి సన్నం చేయడం మీ అమ్మ పద్ధతి. నీ బొమ్మల్లో అది చూడగానే గుర్తుపట్టింది. నిన్న ఏమందో విను:

"ఏమయ్యా, ఎనిమిది వేల ఏళ్లా? చూడ్డానికి అంత ముసలిదానిలా ఉన్నానా?"

"నవ్వులాట కాదు హాజెర్. పిల్లకు చెప్పాలి."

"చెప్తే దాని ఉద్యోగం పోతుంది. నోరు మూసుకో. ఇన్నాళ్ళూ బాగానే మూసుకున్నావుగా."

ఆ ఆఖరి మాట గుచ్చుకుంది. అందుకే రాస్తున్నాను.

నీ తండ్రి, హాలిత్


అంకారా, జూన్ 20

ప్రియమైన అమ్మకు,

నాన్నే చదివి వినిపిస్తారు కాబట్టి, ఆయన్ని తిట్టాల్సిన చోట్లు వదిలేశాను. నువ్వు పూరించుకో.

ఆ ఉత్తరం తీసుకెళ్ళి రెఫికా హోజా చేతిలో పెట్టాను. నిలబడి చదివారు, తర్వాత కూర్చున్నారు. "పదకొండేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను" అన్నారు. నేను క్షమించమనబోతే చేత్తో ఆపి, "కొమ్మును ఏ వైపు పట్టుకుందట?" అని అడిగారు.

మౌఖిక పరీక్ష రద్దయింది. ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళింది. ఆ రోజు ఏడ్చాను, అబద్ధమెందుకు. మర్నాడు ఆ పలుకులన్నిటినీ బల్ల మీద పరిచాను. నెలలు లెక్కేసుకుంటే అప్పుడు నేను నీ కడుపులో ఉన్నాను. బయట ఎవరికీ వినపడని ఆ చప్పుడు ఇద్దరం విన్నామమ్మా.

వ్యాసం మళ్ళీ మొదటి నుంచి రాస్తాను. ఇనుము తాకకపోతే పాతదేనని నమ్మాం. కొట్టింది మగవాడేనని కూడా నమ్మాం. ఒకటి నీ రాళ్ళే తప్పని తేల్చాయి. రెండోదాన్ని ఇంతవరకు ఎవరూ అడిగి చూడలేదు. నేను అడుగుతాను. కానీ అలా అడగాలంటే నువ్వు కొట్టావని రాయాలి. రాస్తే ఊరికి తెలుస్తుంది, నాన్న తలెత్తుకోవాలి కదా. మీరు వద్దంటే మానేసి బడిపంతులమ్మనవుతాను. ఇది నిష్ఠూరం కాదు.

నీ చేతిని ఈసారి రెండుసార్లు ముద్దాడుతూ,
నెర్గిస్


కరాదెరె, జూలై 3

నా కంటిపాప నెర్గిస్‌కు,

శుక్రవారం నమాజు అయ్యాక కాఫీ కొట్టులో నేనే చెప్పేశాను. టీ గ్లాసుల్లో చెంచాలు ఆగిపోయాయి. చివరికి ముసలి దుర్సున్ ఉస్తా, "ఆ ఏటి పలుకులా? అలాంటివి కొట్టాలని మూడేళ్లు రాళ్ళు పాడుచేశాను కదయ్యా!" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంటికొచ్చినా నా చెవులు మండుతూనే ఉన్నాయి, కానీ భోజనం రుచిగానే ఉంది.

ఇక మీ అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మధ్యలో నా మాట కలిపితే చెవి మెలేస్తానంది.

"నెర్గిస్, రాసుకో. కొమ్మును వెడల్పు వైపు పట్టుకున్నానని మీ గురువమ్మకు చెప్పు. వచ్చి చూపించమంటే వస్తాను, బస్సులో కిటికీ పక్కన సీటయితేనే. ఉద్యోగం కోసం ఏడిస్తే ఏడిచావు, అన్నం మానేసి ఏడవకు. పుస్తకంలో నా పేరు హాజెర్ అని రాయి. హాలిత్ ఉస్తా భార్య అని రాయకు."

రాశాను. కలం పెట్టేయబోతుంటే కాగితం లాక్కుంది. తనకు చదవడం రాదు కదా.

"ఏదీ, నా పేరెక్కడుంది?"

వేలితో చూపించాను. నేను సంతకం పెట్టే చోట తను వేలు పెట్టింది.

"ఇక్కడ ఖాళీ ఉందిగా. ఇక్కడా రాయి."

హాజెర్