తాతగారి వాక్యానికి మూలం కావలెను

ఆదిలాబాద్,
ఆగస్టు 4, 2024.

లేఖ సంఖ్య: 1/కుటుంబం/2024
విషయం: తుమ్మలగట్టు గ్రామ వ్యాసంలో తాతగారి వాక్యం తొలగింపు గురించి సంజాయిషీ.
సూచిక: జూలై 18, గురువారం తమరు ఫోనులో పలికిన మాటలు (వాటిలో కాగితం మీద పెట్టదగినవి మాత్రమే).

పెద్దన్న జగన్మోహన్‌రావు గారి సముఖమునకు తమ్ముడు విద్యాధర్ నమస్కరించి రాయునది. ఇక్కడ నేను, మీ మరదలు మమతారాణి క్షేమం. అక్కడ తమరు, వదిన, పత్తి చేను క్షేమమని తలుస్తాను. తమరు నాతో మాట్లాడటం మానేసినందున ఈ సంగతిని పాలేరు మల్లేష్ ద్వారా ధ్రువపరచుకున్నాను. పత్తికి పచ్చదోమ పట్టిందని, తమరికి కోపం పట్టిందని, రెండింటికీ మందు కొట్టినా లాభం లేదని అతను తెలియజేశాడు.

అన్నదమ్ముల మధ్య ఉత్తరానికి ఒక పద్ధతి ఉన్నది. మొదట విషయం, తర్వాత సూచిక, తర్వాత క్షేమం, ఆ పిమ్మటనే తగాదా. ఈ క్రమం తప్పి ముందుగా తగాదా మొదలుపెట్టిన కుటుంబాలు ఏమయ్యాయో, ఖజానా కార్యాలయంలో సూపరింటెండెంటుగా వారసుల దరఖాస్తులు చూసే నాకు బాగా తెలుసు. ఆ గురువారం తమరు ఏ క్రమమూ పాటించలేదు. నేను పాటిస్తున్నాను.

ఈ పనికి నన్ను పురమాయించింది తమరే అని మొదట మనవి చేస్తున్నాను. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో మన ఊరి పేజీ ఉన్నది. అందులో ‘ఈ గ్రామ పాఠశాలకు నర్సింగరావు దొర స్థలం దానం చేశాడు’ అనే వాక్యాన్ని నిరుడు చెన్నూరు ఇంటర్నెట్ సెంటర్ గోపాల్ చేత తమరే రాయించినారు. ఇప్పుడు బడికి కొత్త గేటు కడుతున్నారు. దాని మీద తాతగారి పేరు చెక్కించడానికి మండలాఫీసు వాళ్లు రుజువు అడిగితే, తమరు ఆ పేజీనే అచ్చు తీయించి ఇచ్చినారు. తీరా చూస్తే తాతగారి వాక్యం పక్కన ‘మూలం కావాలి’ అని చిన్న అక్షరాలు. ‘తమ్మీ, గా మూలం గీలం అనే ముక్క జర తీసెయ్యి. పొద్దంత కంప్యూటర్ ముందల్నే కూసుంటవు గదా’ అని తమరు ఆజ్ఞాపించినారు. ఆ ముక్కను తీసేయడానికే నేను ఆ సర్వస్వంలో స్వచ్ఛంద సంపాదకుడిగా చేరాను.

చేరిన రోజే స్వాగత సందేశం వచ్చింది. ‘చొరవగా దిద్దండి’ అని ఉన్నది. ఎవరి అనుమతితో అని అడిగాను. ఎవరి అనుమతీ అక్కర్లేదన్నారు. ఆ మాట రాతపూర్వకంగా ఇప్పించమని కోరాను. ఇది రాతే కదండీ అన్నారు. నా సర్వీసులో ఇంతటి అరాచకం ఎన్నడూ ఎదురుకాలేదు. సర్వస్వాన్ని మెరుగుపరచడానికి నియమాలు అడ్డం వస్తే నియమాలనే పక్కన పెట్టమని మరో నియమం కూడా ఉన్నది. అది చదివిన పూట నాకు అన్నం సయించలేదు.

అయినా పని మొదలుపెట్టాను. తాతగారి పేరుకు ముందు ‘మహారాజశ్రీ’, వెనుక ‘వారు’ చేర్చి, వ్యాసం అడుగున ‘ఇట్లు, విద్యాధర్, సూపరింటెండెంట్’ అని రాసి తేదీ వేశాను. చాయ్ తాగి వచ్చేసరికి అన్నీ పోయినాయి. ‘గోదారిగట్టు’ అనే మారుపేరు గల ఒక నిర్వాహకుడు నా చర్చా పేజీలో, అంటే దిద్దేవాళ్లు ఒకరికొకరు రాసుకునే చోట, మర్యాదగా బోధించాడు: వ్యాసంలో గౌరవ వాచకాలు ఉండవు, వ్యాసం కింద సంతకం ఉండదు, ప్రతి మాటకూ ఎక్కడో అచ్చైన ఆధారం ఉండాలి. ‘మా తాత గనుక నాకు తెలుసు’ అని జవాబిచ్చాను. తాత గనుకనే మీరు దూరంగా ఉండటం మంచిది అన్నాడు. దగ్గరి సంబంధం ఉన్నవారు వ్యాసంలో చెయ్యి పెట్టకుండా చర్చా పేజీలో విన్నవించుకోవాలట. ఈ నియమం మన పంచాయతీకి వర్తిస్తే అక్కడ మిగిలేది కుర్చీలే.

నియమాన్ని నమ్మడం నా వృత్తి. కాబట్టి తాతగారికి మూలం వెతకడానికి జూన్‌లో మూడు ఆదివారాలు బస్సెక్కి మన ఊరికి వచ్చాను. మొదట ఊళ్లో అందరికన్నా పెద్దవాడైన బాలమల్లు తాతను అడిగాను. ఆయన వినబడనట్టు చూసి, రెండోసారి అడిగితే బీడీ ఆర్పి, ‘దొర ఎక్కడిచ్చిండు పటేలా? గది కమలవ్వ మగ్గాల కొట్టం. మొగడు సచ్చినంక పోరగాండ్లు ఎండల సదువుతుండ్రని ఆమెనే ఇచ్చింది. మీ తాత రిబ్బన్ కత్తిరియ్యనీకి వచ్చిండు. కుర్సీల కూసున్నోని పేరు నిలవడ్డది, నిలవడ్డామె పేరు పోయింది’ అన్నాడు. పద్మశాలీల వాడలో అడిగాను. అదే మాట. మన వాడలో అడిగాను. ముందు తాతగారే అన్నారు. తర్వాత, ‘నువ్వు గిట్ల రాసుకుంట అడిగితె మేమేం చెప్పాలె? మీ అన్నకు తెల్వదా?’ అన్నారు.

నా కర్తవ్యం స్పష్టమైంది. తాతగారి వాక్యం తీసివేయాలని చర్చా పేజీలో విన్నవించాను, గోదారిగట్టు తీసివేశాడు. అంతటితో ఆగక, ఆవేశంలో నేనే కమలవ్వ పేరు చేర్చాను. దాన్నీ తీసివేశాడు. ఇది బాలమల్లు తాత నోటి మాట అని రాశాను. నోటి మాట అచ్చులో లేదు కదా అన్నాడు. ఆధారం లేని అబద్ధానికీ ఆధారం లేని నిజానికీ అక్కడ ఒకే మర్యాద అని తెలుసుకున్నాను.

ఆ తర్వాత తమరు చేసిన పనిని నేను ఆక్షేపించడం లేదు, నమోదు చేస్తున్నాను. తమరు ఆ వాక్యాన్ని గోపాల్ చేత మళ్లీ పెట్టించినారు, వాళ్లు మళ్లీ తీసినారు. ఇట్లా కాదని, తమరు సర్పంచుగా చేసిన అనుభవంతో ట్రాక్టర్ ట్రాలీ నిండా ఊరివాళ్లను ఎక్కించుకుని చెన్నూరు ఇంటర్నెట్ సెంటర్ ముందు దింపినారు. గోపాల్ నాకు ఫోన్ చేసి, ‘సార్, మీ అన్న ఊరంత పట్టుకొచ్చిండు. ఒక్కొక్కలకు ఖాతా తెరిచి తెరిచి నా వేళ్లు పడిపోతున్నయ్. అందరికి పాస్‌వర్డ్ ఒక్కటే పెట్టిన, యాదికుంటదని’ అని మొరపెట్టుకున్నాడు. చర్చా పేజీ నిండా ‘దొరే ఇచ్చిండు, మా మద్దతు’ అని వరుసగా పడ్డాయి. మల్లేష్ పేరు మీద మాత్రం ‘మద్దతు. టిఫిన్ ఇంక రాలే’ అని ఉన్నది. ట్రాలీలో వచ్చిన ముసలి ఐలవ్వ వేలు చాపి నిలబడి, సిరా చుక్క పెట్టేదాకా కదిలేది లేదని, పెట్టకపోతే ఓటు లెక్కకు రాదని గోపాల్‌తో కొట్లాడిందట. ఆమె భయమే నిజమైంది. ఇది ఓటింగు కాదని, ఎంతమంది అన్నారన్నది కాక ఎక్కడ అచ్చైందన్నదే ముఖ్యమని, ఒకే చోటినుంచి పుట్టిన ఈ ఖాతాలన్నింటినీ నిరోధిస్తున్నామని గోదారిగట్టు ప్రకటించాడు. మన ఊరి చరిత్రలో ఊరంతా ఒక్కసారిగా సస్పెండ్ కావడం ఇదే ప్రథమం.

ఆ గురువారం తమరు ఫోన్ చేసినారు. ‘ఊరంత ఒక్క మాట మీదుంటె కాదననీకి గా గోదారిగట్టు గాడెవడు? ఏ ఊరోడు? ఎవల మనిషి?’ అన్నారు. అతను ఎవరో నాకు తెలియదని, తెలిసినా చెప్పరాదన్నది కూడా ఒక నియమమని విన్నవించాను. దానితో తమరు, ‘నువ్వెవల దిక్కురా? తాత దిక్కా, కంప్యూటర్ దిక్కా? గా వాక్యం మల్ల పెట్టేదాక నా గడప తొక్కకు’ అన్నారు. బాపు పోయినప్పటినుంచి నాకు ఇల్లంటే తమరి ఇల్లే. ఆ సంగతి విన్నవించేలోపే తమరు ఫోను పెట్టేసినారు.

అన్నా, ఇప్పుడు నా జవాబు. వాక్యం పెట్టను.

దీనికి కారణం నియమాలు మాత్రమే అయితే తమరి మాట కోసం నేను వాటిని పక్కన పెట్టేవాణ్ని; అందుకు అక్కడ నియమమే ఉన్నది. కాని కమలవ్వ మనుమడు సిద్దిరాములు సిరిసిల్లలో పవర్‌లూమ్ సాంచా మీద పనిచేస్తున్నాడు, భార్యాపిల్లలు ఊళ్లోనే. అతనితో ఫోన్‌లో మాట్లాడాను. వెనుక సాంచాల మోతలో గట్టిగా అరిచి చెప్పాడు: ‘గేటు మీద మా ముసలవ్వ పేరు లేకున్నా ఫికర్ లేదు సారూ, గిన్నేండ్లు లేకనే ఉంటిమి. ఇంకొకల పేరు మాత్రం చెక్కకుండ్రి. మా పోరగాండ్లు రోజూ గా గేటు కిందికెల్లే బడికి పోవాలె గదా!’

కావున మూలం కోసం మళ్లీ పడ్డాను. కరీంనగర్ గ్రంథాలయంలో పాత పత్రికల కట్టలు విప్పించాను. తుమ్ములు వచ్చినాయి గాని తుమ్మలగట్టు రాలేదు. ఇక దొరకదేమో అనుకునే వేళకు దొరికింది. అచ్చైన వార్త, తేదీ ఉన్నది, పత్రిక పేరు ఉన్నది. నేను చెయ్యి పెట్టకుండా చర్చా పేజీలో విన్నవించాను. గోదారిగట్టు పరిశీలించి మొన్న వ్యాసంలో ఇట్లా చేర్చాడు: ‘గ్రామ ప్రాథమిక పాఠశాల కమలవ్వ ఇచ్చిన స్థలంలో ఉంది.’ పక్కన మూలం సంఖ్య ఒకటి. మండలాఫీసు వాళ్లు అది చూసి శిలాఫలకం పని ఆపించి, పేరు మార్చి చెక్కమన్నారు.

పంద్రాగస్టు నాడు గేటు తెరుస్తారు. నేను వస్తున్నాను. గడప తొక్కవద్దన్నారు, తొక్కను. అరుగు గురించి ఆజ్ఞలో ఏమీ లేదు గనుక అరుగు మీద కూర్చుంటాను. వదిన చాయ్ అక్కడికే పంపుతానన్నది. గేటు తెరిచే కత్తెర మాత్రం తమరి చేతికే ఇవ్వాలని ఊరివాళ్లకు చెప్పి ఒప్పించాను. సిద్దిరాములు, ‘పటేలే కత్తిరియ్యాలె, ఆయన మాటనే గదా’ అన్నాడు. ఆ మాటకు అర్థం కింద వివరించాను. తమరు కోపంగా వచ్చినా సరే, రావలెను.

ఇట్లు,
తమరి గడప బయటి విధేయ సోదరుడు,
విద్యాధర్

తా.క.: ఆ మూలం ఏమిటని తమరు అడుగుతారు. అది తమరే. 2019 పంచాయతీ ఎన్నికలప్పుడు తమరు పద్మశాలీల వాడలో మైకు పట్టుకుని, ‘మన బడి నిలవడ్డది కమలవ్వ ఇచ్చిన జాగల. గా తల్లి రుణం తీర్చుకుంట’ అన్నారు. జిల్లా పేజీలో తమరి ఫోటోతో సహా పడింది. తమరే ఆ ముక్క కత్తిరించి, లామినేషన్ చేయించి, హాల్లో టీవీ పైన తగిలించుకున్నారు. జానకీబాయి వదినకు ఆ మైకు మాటలు యాదికి వచ్చి, పటం దించి చదివి, ఫోన్‌లో ఫోటో తీసి పంపింది. ‘ఇన్నేండ్ల సంది దుమ్ము దులుపుతున్న గని నేనే సదవలే తమ్మీ. మీ అన్నకైతె ఆయన మొఖం కనవడ్డంక కింద ఏమున్నదో కనవడ్తదా?’ అన్నది. నేను తమరి గడప తొక్కలేదు. పటమే గడప దాటి వచ్చింది. నిజం చెప్పింది తమరు, నేను నకలు తీసినవాణ్ని మాత్రమే. ఇకమీదట మన కుటుంబంలో ఎవరైనా గోడ మీది తమ ఫోటో చూసుకునే ముందు దాని కింది అక్షరాలను, బంధువులు కాని ఇద్దరి సమక్షంలో బిగ్గరగా చదవవలెను. అద్దాలకు కూడా ఇదే వర్తించును. అద్దం కింద అక్షరాలు లేనియెడల, వచ్చేవరకు కళ్లు మూసుకుని వేచి ఉండవలెను. ఈ నియమం అంతిమం.